మాటలోని చిక్కు, తత్త్వంలోని చిక్కు



తత్త్వశాస్త్రంలో కొన్ని ప్రశ్నలు రెండువేల ఏళ్లకు పైగా తేలకుండా నిలిచి ఉన్నాయి. ఎడతెగకుండా మారుతున్న వస్తువు అదే వస్తువుగా ఎలా ఉంటుంది, లేని దాని గురించి మాట్లాడటం ఎలా సాధ్యం, అంతా ముందే నిర్ణయమై ఉంటే మానవ ప్రయత్నానికి విలువ ఏమిటి అనేవి అటువంటి ప్రశ్నలు. ఇవి తేలకపోవడానికి మనిషి బుద్ధికి ఉన్న పరిమితే కారణమని కొందరూ, సత్యం మాటలకు అందకపోవడమే కారణమని మరికొందరూ చెబుతూ వచ్చారు. ఈ రెండు సమాధానాల్లోనూ కొంత నిజం ఉండవచ్చు గాని, వాటికంటే దగ్గరగా, పరీక్షకు అందుబాటులో ఉన్న కారణం మరొకటి ఉంది. ప్రశ్నలోని ముఖ్యమైన పదం రెండు అర్థాలను మోస్తూ ఉంటుంది. వాదంలో ఒక పక్షం ఒక అర్థాన్నీ, రెండో పక్షం మరో అర్థాన్నీ పట్టుకొని ఉంటుంది. ఆ సంగతి ఇరుపక్షాలకూ తెలియదు. అటువంటి ప్రశ్నకు అవునన్నా ఆక్షేపణ వస్తుంది, కాదన్నా ఆక్షేపణ వస్తుంది కాబట్టి అది ఎన్నటికీ పరిష్కారం కానిదిగా కనిపిస్తుంది. ఆ పదాన్ని దాని అర్థాలుగా విడదీసినప్పుడు ఒక ప్రశ్న ఉన్నచోట రెండు మూడు ప్రశ్నలు తేలుతాయి, వాటిలో కొన్నింటికి సులభంగానే జవాబు దొరుకుతుంది, ఏదైనా ఒకటి మిగిలితే అదే అసలైన తత్త్వ ప్రశ్న అవుతుంది. ఈ విభజన విద్యను ఆంధ్రదేశంలో పుట్టినవారూ, ఆంధ్రదేశంతో సంబంధం ఉన్నవారూ అయిన తార్కికులు ఎంత శ్రద్ధగా సాధన చేశారో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదటి ఉదాహరణను గోదావరి డెల్టాలోని పెనుగొండ ప్రాంతం నుంచి తీసుకోవచ్చు. పెనుగొండకు చేరువలో సిద్ధాంతం గ్రామం పక్కగా వసిష్ఠ గోదావరి ప్రవహిస్తుంది. 2003 పుష్కరాల్లో అక్కడ స్నానం చేసిన వ్యక్తి 2015 పుష్కరాల్లో మళ్లీ అక్కడికే వచ్చి స్నానం చేస్తే, అతడు అదే నదిలో మునిగినట్లా, వేరే నదిలో మునిగినట్లా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. 2003లో అతడి ఒంటిని తడిపిన నీరు అంతర్వేది దగ్గర ఎన్నడో సముద్రంలో కలిసిపోయింది, అందువల్ల నది వేరు అనవలసి వస్తుంది. అయినా ఆ మనిషి తాను వేరొక నదికి వచ్చానని ఒప్పుకోడు, చుట్టుపక్కల ఊళ్లవారెవరూ ఒప్పుకోరు, అందువల్ల నది ఒకటే అనవలసి వస్తుంది. క్రీస్తుకు పూర్వం 500 ప్రాంతంలో గ్రీకు తాత్త్వికుడు హెరాక్లిటస్ నది ఉపమానంతో లేవనెత్తిన చిక్కు ఇదే.

ఈ చిక్కు అంతా 'అదే' అనే మాటలో ఉంది. అదే నీరు అన్న అర్థంలో తీసుకుంటే జవాబు స్పష్టంగా 'కాదు'. త్ర్యంబకం దగ్గర పుట్టి, ధవళేశ్వరం దాటి పాయలుగా చీలి, తన మార్గంలో తెగకుండా సాగే ప్రవాహం అన్న అర్థంలో తీసుకుంటే జవాబు అంతే స్పష్టంగా 'అవును'. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో నీటి నడక మారింది కాబట్టి, స్వభావంలో మార్పు లేని నది అన్న మూడో అర్థంలో అడిగితే, కొంతవరకు అవును, కొంతవరకు కాదు అని చెప్పవలసి వస్తుంది. ఈ మూడు జవాబులూ ఏకకాలంలో సత్యమే, ఒకదానితో ఒకటి పోట్లాడవు. పోట్లాట ఎక్కడ పుట్టిందంటే, మూడు ప్రశ్నలను ఒకే మాటతో అడిగి, ఒకే జవాబు కావాలని పట్టుబట్టిన చోట పుట్టింది.

ఇది కేవలం పండితుల కాలక్షేపం కాదు. భారతీయ దర్శనాల్లో అతి తీవ్రంగా జరిగిన వివాదాల్లో ఒకటి ఇదే మాట మీద ఆధారపడింది. వేదం ఎవరూ రచించినది కాదనీ, నిత్యమైనదనీ చెప్పే మీమాంసకులకు శబ్దం నిత్యమని నిరూపించడం అవసరమైంది. ఒకరు ఉదయం పలికిన 'గ' అక్షరాన్ని మరొకరు సాయంత్రం పలికినప్పుడు విన్నవారందరూ ఇది అదే 'గ' అని గుర్తిస్తారనీ, అటువంటి గుర్తింపు కలగాలంటే అక్షరం నశించకుండా ఉండి తీరాలనీ వారు వాదించారు. నైయాయికులు, అంటే గౌతముడి న్యాయదర్శనాన్ని అనుసరించేవారు, ఈ వాదానికి ఇచ్చిన సమాధానం 17వ శతాబ్దికి చెందిన విశ్వనాథ పంచాననుడి కారికావళిలోనూ, దానికి అతడే రాసిన సిద్ధాంత ముక్తావళి వ్యాఖ్యలోనూ కనిపిస్తుంది. ఒకరు వాడిన మందునే మరొకరు కూడా వాడారని లోకంలో అంటారు; మొదటివారు మింగిన మందు కడుపులో కరిగిపోయింది కాబట్టి రెండోవారు మింగినది ఆ వస్తువే కావడానికి వీలు లేదు; అక్కడ 'అదే' అన్న మాటకు అదే జాతికి చెందినదని అర్థం. అక్షరం విషయంలో కలిగే గుర్తింపును కూడా ఇలాగే జాతి సామ్యంగా అర్థం చేసుకుంటే చాలు, శబ్దం నిత్యమని ఒప్పుకోవలసిన అవసరం రాదు. ఈ సమాధానంతో మీమాంసకుల సిద్ధాంతం మొత్తం కూలిపోయిందని చెప్పలేము, ఎందుకంటే వారికి వేరే యుక్తులు ఉన్నాయి. అయితే 'అదే' అన్న ఒక్క మాట మీద నిలిచిన ఆ యుక్తి మాత్రం, వ్యక్తి ఐక్యం వేరు, జాతి సామ్యం వేరు అన్న విభజన ఎదుట నిలవలేకపోయింది.

న్యాయసూత్రాలు ఈ రకమైన లోపాలకు శాస్త్రంలోనే స్థానం కల్పించాయి. గౌతముడు తెలుసుకోవలసిన అంశాలుగా పేర్కొన్న పదహారింటిలో పద్నాలుగోది ఛలం. ఛలమంటే ఎదుటివారు ఒక అర్థంలో అన్న మాటకు మరో అర్థం కల్పించి, దానిని ఖండించి, అసలు వాదాన్నే ఖండించినట్లు చూపడం. ఇది మూడు విధాలని శాస్త్రం చెబుతుంది. మొదటిది వాక్ఛలం, అంటే ఒకే శబ్దానికి ఉన్న రెండు అర్థాలతో చేసేది. సంస్కృతంలో 'నవ' అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ అర్థాలు ఉన్నాయి కాబట్టి, ఒకడు నవకంబళం కప్పుకున్నాడని ఎవరైనా అంటే, తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి, ఒకటే కదా ఉన్నది అని నిలదీయడం దీనికి వాత్స్యాయన భాష్యంలోని ఉదాహరణ. రెండోది సామాన్య ఛలం, అంటే కొందరి విషయంలో సంభావ్యమని చెప్పిన మాటను అందరికీ వర్తించే నియమంగా సాగదీయడం. మూడోది ఉపచార ఛలం, అంటే లక్ష్యార్థంలో అన్న మాటను వాచ్యార్థంలో పట్టుకోవడం. మంచెలు కేకలు వేస్తున్నాయి అంటే మంచెల మీద కూర్చొని పిట్టలను తోలే మనుషులు కేకలు వేస్తున్నారని చేను కాసిన ప్రతివారికీ తెలుసు; కర్రలతో కట్టిన మంచెకు నోరు ఎలా వచ్చిందని అడిగేవాడు ఆ మాటను ఖండించలేదు, అర్థాన్ని మార్చాడు.

ఛలం బుద్ధిపూర్వకంగా చేసే మోసం అని శాస్త్రకారులు భావించారు. అయితే తత్త్వ ప్రశ్నల్లో కనిపించే చిక్కు ఛలంకంటే లోతైనది, ఎందుకంటే అక్కడ మోసం చేసేవాడూ మోసపోయేవాడూ ఒకరే. ఆలోచించే మనిషి తన ఆలోచనలోనే ఒక అర్థంతో మొదలుపెట్టి, తనకు తెలియకుండానే మరో అర్థంలోకి జారి, చివరకు ఎదురైన వైరుధ్యాన్ని లోకంలోనే ఉన్న వైరుధ్యంగా భావిస్తాడు. దీనికి విరుగుడు కూడా న్యాయశాస్త్రంలోనే ఉంది. సంశయం ఎందుకు పుడుతుందో చెబుతూ గౌతముడు విప్రతిపత్తి, అంటే పరస్పర విరుద్ధమైన ప్రతిపాదనలు వినడం, ఒక కారణమని పేర్కొన్నాడు. రెండు ప్రతిపాదనలు నిజంగా విరుద్ధాలు కావాలంటే రెండూ ఒకే విషయాన్ని గురించి ఒకే అర్థంలో మాట్లాడాలి కాబట్టి, ఆ షరతు నెరవేరిందా లేదా అని ముందుగా చూడటం సంశయాన్ని తొలగించే మార్గంలో మొదటి మెట్టు అవుతుంది.

ఈ షరతును తర్కంలో కచ్చితమైన నియమంగా నిలబెట్టినవారిలో దిఙ్నాగుడు ముఖ్యుడు. క్రీస్తు శకం 5, 6 శతాబ్దుల మధ్య జీవించిన ఈ బౌద్ధ తార్కికుడు కంచి ప్రాంతంలో పుట్టాడని సంప్రదాయం చెబుతుంది. 7వ శతాబ్దిలో ఆంధ్రదేశాన్ని దర్శించిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, ఆంధ్ర రాజధానికి నైరుతి దిక్కున ఒక ఏకాంత పర్వతం ఉందనీ, దిఙ్నాగుడు హేతువిద్యకు సంబంధించిన గ్రంథాన్ని అక్కడే రచించాడనీ రాశాడు. ఆ రాజధానిని చరిత్రకారులు వేంగిగా, అంటే ఏలూరుకు సమీపంలోని నేటి పెదవేగిగా గుర్తించారు. హేతువు, అంటే ఒక విషయాన్ని నిరూపించడానికి చూపే కారణం, వాదికీ ప్రతివాదికీ ఇద్దరికీ సమ్మతమై ఉండాలని దిఙ్నాగుడు నియమించాడు. ఒక పక్షం మాత్రమే ఒప్పుకునే కారణంతో రెండో పక్షానికి ఏదీ నిరూపించడం సాధ్యం కాదు. ఈ నియమంలో ఒక గొప్ప ఫలితం ఇమిడి ఉంది: కారణంగా చూపే పదానికి ఇద్దరూ ఒకే అర్థం చెప్పుకోకపోతే, పైకి ఒప్పుకున్నట్లు కనిపించినా వారు ఒప్పుకున్నవి రెండు వేరు వేరు కారణాలు, అందువల్ల వాదం ఇంకా మొదలే కాలేదు.

ఆంధ్రదేశంతో సంప్రదాయం ముడిపెట్టే మరో మహా దార్శనికుడు నాగార్జునుడు. సుమారు క్రీస్తు శకం 2వ శతాబ్దికి చెందిన ఇతడి పేరుతో శ్రీపర్వతం, నాగార్జునకొండ, శాతవాహన రాజుల కథలు పెనవేసుకొని ఉన్నాయి. సర్వం శూన్యం అన్న ఇతడి సిద్ధాంతానికి ఎదురైన ఆక్షేపణ ప్రపంచ తత్త్వశాస్త్రంలోనే ప్రసిద్ధమైన చిక్కుల్లో ఒకటి. అన్నీ శూన్యమైతే ఆ మాట కూడా శూన్యమే, శూన్యమైన మాట దేనినీ ఖండించలేదు. ఆ ఒక్క మాట శూన్యం కాకపోతే అన్నీ శూన్యం అన్నది అబద్ధం. ఏ వైపు తిరిగినా దారి మూసుకుపోయినట్లు కనిపించే ఈ ఆక్షేపణను నాగార్జునుడు దాచిపెట్టలేదు, విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో తానే ముందుగా ప్రస్తావించి సమాధానం చెప్పాడు.

అతడి సమాధానం శూన్యం అన్న మాటను విడదీయడం మీదే ఆధారపడింది. సామాన్య వ్యవహారంలో శూన్యమంటే ఏమీ లేకపోవడం. నాగార్జునుడి పరిభాషలో శూన్యమంటే స్వభావం లేకపోవడం, అంటే ఇతర కారణాల మీద ఆధారపడకుండా తనంతట తానుగా నిలిచే సత్త లేకపోవడం. కారణాలను ఆశ్రయించి పుట్టడాన్నే అతడు శూన్యత అన్నాడు. బండి, కుండ, వస్త్రం కారణాల వల్ల పుట్టినవి కాబట్టి ఈ రెండో అర్థంలో శూన్యాలు, అయినా బండి కట్టెలు మోస్తుంది, కుండ నీరు నిలుపుతుంది, వస్త్రం చలిని ఆపుతుంది. తన మాట కూడా అలాగే శూన్యమై ఉండి తన పని తాను చేస్తుందని అతడు చెప్పాడు. ఆక్షేపించినవారు శూన్యమైన మాటకు శక్తి లేదన్నప్పుడు మొదటి అర్థాన్ని పట్టుకున్నారు. నాగార్జునుడు అన్నీ శూన్యం అన్నప్పుడు రెండో అర్థంలో అన్నాడు. రెండింటినీ వేరు చేశాక ఆ రెండువైపుల ఉచ్చు విడిపోతుంది. అద్వైతంలోని మిథ్య అన్న మాటకు కూడా తెలుగు నాట ఇదే గతి పట్టింది. మిథ్య అంటే అబద్ధమని లోక వ్యవహారం. ఉన్నదని గాని, కుందేటి కొమ్ములాగా బొత్తిగా లేనిదని గాని నిర్ధారించడానికి వీలు కానిది అని శాస్త్ర పరిభాష. జగత్తు మిథ్య అయితే ఆకలి ఎందుకు వేస్తుందని వేదాంతిని ఎగతాళి చేసేవారు శాస్త్రార్థాన్ని వదిలి లోకార్థాన్ని ఖండిస్తున్నారు.

నాగార్జునుడి మార్గాన్ని అనుసరించి ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి, ధరణికోట ప్రాంతంలో నివసించాడని హ్యూయన్‌త్సాంగ్ పేర్కొన్న భావవివేకుడు ఈ పద్ధతిని మరో అడుగు ముందుకు తీసుకువెళ్లాడు. 6వ శతాబ్దికి చెందిన ఈ ఆచార్యుడు తన అనుమాన వాక్యాల్లో 'పరమార్థతః', అంటే పరమార్థ దృష్టిలో, అన్న విశేషణాన్ని చేర్చాడు. వస్తువులకు స్వభావం లేదన్న మాట ఏ స్థాయిలో చెబుతున్నారో ఆ ఒక్క విశేషణం తేల్చి చెబుతుంది కాబట్టి, కుండలూ బండ్లూ లోకంలో కనిపించడం లేదా అని అడ్డుపడేవారికి అవకాశం ఉండదు. ఈ విశేషణం సరిపోతుందా, సరిపోదా అని తరువాతి బౌద్ధాచార్యులు వాదించారు, చంద్రకీర్తి తీవ్రంగా ఆక్షేపించాడు కూడా. అయినా ప్రతిపాదన చేసేవాడే తన మాట ఏ అర్థంలో, ఏ పరిధిలో వర్తిస్తుందో ముందుగా చెప్పాలన్న బాధ్యతను గుర్తించడం తర్కశాస్త్ర చరిత్రలో విలువైన ఘట్టం.

ఈ విద్యను బడిపిల్లల స్థాయికి చేర్చినవాడు 17వ శతాబ్దికి చెందిన తెలుగువాడు అన్నంభట్టు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడన్న లోకోక్తి పండితుల్లో పుట్టేటంత ఖ్యాతి పొందిన ఇతడు, బాలురకు సులభంగా తర్కం తెలియాలని తర్కసంగ్రహాన్నీ, దానికి దీపిక అనే వ్యాఖ్యనూ రాశాడు. దేశమంతటా సంస్కృత పాఠశాలల్లో తర్కం మొదలుపెట్టేవారికి నేటికీ అదే ప్రథమ పాఠం. ఒక వాక్యం నుంచి అర్థం తెలియాలంటే మూడు షరతులు నెరవేరాలని అందులో చెప్పాడు. ఆకాంక్ష అంటే ఒక పదం మరో పదాన్ని కోరడం. ఆవు, గుర్రం, మనిషి అని పేర్లు వరుసగా చదివితే వాక్యం కాదు. యోగ్యత అంటే పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం. నిప్పుతో తడపాలి అంటే వ్యాకరణం సరిపోయినా అర్థం పొసగదు. సన్నిధి అంటే పదాలను ఆలస్యం లేకుండా పలకడం. వీటికి తోడు తాత్పర్యం, అంటే పలికేవారి ఉద్దేశం, తెలియాలని తార్కికులు చెబుతారు. సైంధవం అన్న పదానికి ఉప్పు అనీ, గుర్రం అనీ అర్థాలు ఉన్నప్పుడు, భోజనం దగ్గర సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలనీ, ప్రయాణానికి సిద్ధమైనవాడు అడిగితే గుర్రం తేవాలనీ నిర్ణయించేది ఆ తాత్పర్య జ్ఞానమే. యోగ్యత లేని ప్రశ్నకు జవాబు దొరకకపోవడం ప్రశ్న లోతుకు గుర్తు కాదన్నది ఇందులో నుంచి నేర్చుకోవలసిన పాఠం. నిప్పుతో ఎంతసేపు తడపాలి అన్నదానికి జవాబు ఎవరూ చెప్పలేరు, అయినా అది రహస్యమేమీ కాదు.

అన్నంభట్టు చెప్పిన అభావ విభాగం మరింత ముఖ్యమైనది. అభావమంటే లేకపోవడం, ఇది నాలుగు విధాలు. వస్తువు పుట్టక ముందు లేకపోవడం ప్రాగభావం, నశించిన తరువాత లేకపోవడం ప్రధ్వంసాభావం, ఒక చోట ఒక వస్తువు ఏ కాలంలోనూ లేకపోవడం అత్యంతాభావం, ఒక వస్తువు మరో వస్తువు కాకపోవడం అన్యోన్యాభావం. నేల మీద కుండ లేదు అన్నప్పుడు ఉన్న లేమి వేరు, కుండ వస్త్రం కాదు అన్నప్పుడు ఉన్న లేమి వేరు. సంస్కృతంలో ఈ రెండు చోట్లా 'న' అన్న నిషేధమే వస్తుంది కాబట్టి శాస్త్రం ప్రయత్నపూర్వకంగా విడదీయవలసి వచ్చింది. తెలుగు భాష 'లేదు' అనీ 'కాదు' అనీ రెండు వేరు మాటలు వాడి ఈ విభాగాన్ని వ్యవహారంలోనే నిలుపుకున్నది, అక్షరాలు రాని తెలుగు మనిషి కూడా ఒకదాని చోట మరొకటి వాడడు.

ఈ భేదం ఎంత బరువైనదో గ్రీకు తత్త్వశాస్త్రం చూపుతుంది. గ్రీకులో ఉండటాన్నీ, ఒకటి మరొకటి కావడాన్నీ ఒకే క్రియతో చెబుతారు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దికి చెందిన పార్మెనిడీస్, లేని దానిని తలచడం గాని చెప్పడం గాని సాధ్యం కాదని మొదలుపెట్టి, మార్పూ, అనేకత్వమూ అసంభవమన్న నిర్ణయానికి వచ్చాడు. ఒకటి మరొకటిగా మారితే, ఇంతకుముందు కానిది ఇప్పుడు అయింది అని చెప్పాలి, కానిది అంటే లేనిది అవుతుంది, లేని దానిని చెప్పడం నిషిద్ధం. తరువాతి శతాబ్దిలో ప్లేటో సోఫిస్ట్ అనే సంవాద గ్రంథంలో, ఒకటి మరొకటి కాదంటే అది మరొక దానికంటే భిన్నమని మాత్రమే అర్థమనీ, బొత్తిగా లేదని అర్థం కాదనీ సుదీర్ఘమైన చర్చ తరువాత నిరూపించాడు. తెలుగులో చెప్పాలంటే 'కాదు' నుంచి 'లేదు' రాదు. కుందేటి కొమ్ము విషయంలో కూడా ఇటువంటి విభజనే అవసరమైంది. గోదావరి సీమకు చెందిన ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి సుభాషితాలను తెనిగించడం వల్ల తెలుగువారికి చిరపరిచితమైన ఈ కుందేటి కొమ్ము లేదంటే, లేనిది ఏది, అసలు లేని దానిని ఎలా నిషేధించారు అన్న ప్రశ్న వస్తుంది. నైయాయికులు ఆ మాటను కుందేటికి కొమ్ము లేదు అని విడదీసి చెప్పారు. కుందేలు ఉంది, కొమ్ములు ఆవులకు ఉన్నాయి, ఆ రెండింటికీ సంబంధం మాత్రమే లేదు. కాబట్టి ఆ వాక్యంలో లేని వస్తువు పేరు ఒక్కటి కూడా లేదు. బెర్ట్రాండ్ రసెల్ 1905లో ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసంలో, లేని వస్తువులను సూచించే వాక్యాలను విడదీసి చూపిన పద్ధతికి ఇది దగ్గరి బంధువు.

దర్శన గ్రంథాలు చదవనివారిని కూడా బాధించే చిక్కు విధికి సంబంధించినది. జరగవలసింది జరుగుతుంది అన్న మాట ఆపద వచ్చిన ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది, దాని వెంటనే అటువంటప్పుడు ప్రయత్నం దేనికి అన్న నిస్పృహ వస్తుంది. ఈ మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఏది జరుగుతుందో అదే జరుగుతుంది అన్నది ఒక అర్థం. దీనిని ఎవరూ కాదనలేరు, అయితే దీని వల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు. మనుషులు ఏమి చేసినా చేయకపోయినా ఫలితం ఒకటే అన్నది రెండో అర్థం. ఇది కొత్త సంగతే గాని, దీనికి రుజువు లేదు, నిత్యానుభవం దీనికి విరుద్ధం. గట్టు తెగకముందే మట్టి వేసిన రైతు చేను మునగలేదు, వేయనివాడి చేను మునిగింది. మొదటి అర్థానికి ఉన్న తిరుగులేని బలాన్ని తీసుకువచ్చి రెండో అర్థానికి కట్టబెట్టడం వల్ల ఈ నిస్పృహ పుడుతుంది. ప్రాచీన గ్రీసులో స్టోయిక్ ఆచార్యుడు క్రిసిప్పస్ ఇటువంటి వాదానికి ఇచ్చిన సమాధానాన్ని రోమన్ రచయిత సిసిరో భద్రపరిచాడు. రోగి కోలుకోవడం విధి నిర్ణయమైతే, వైద్యుడిని పిలవడం కూడా ఆ విధిలో భాగమే కావచ్చు. ఫలితం నిర్ణీతమన్నంత మాత్రాన దాని కారణాలు అనవసరమని తేలదు. స్వేచ్ఛ గురించి 1748లో రాసిన స్కాట్లాండ్ తాత్త్వికుడు డేవిడ్ హ్యూమ్ కూడా ఈ వివాదం ఇంతవరకు మాటల మీదే నడిచిందని అభిప్రాయపడ్డాడు. బలవంతం లేకపోవడం ఒక స్వేచ్ఛ, కారణమే లేకపోవడం మరో స్వేచ్ఛ. మనిషి చేసిన పనికి అతడిని బాధ్యుడిని చేయడానికి మొదటిది చాలునన్నది హ్యూమ్ వాదం.

ఇంతవరకు చెప్పినది విన్నవారికి, తత్త్వశాస్త్రంలోని చిక్కులన్నీ మాటల చిక్కులే కావచ్చునన్న ఆలోచన కలగవచ్చు. 20వ శతాబ్దిలో లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ బోధనలు, ముఖ్యంగా అతడి మరణానంతరం 1953లో వెలువడిన ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్ గ్రంథం, చాలామందిని ఆ వైపు నడిపించాయి. అయితే ఆ నిర్ణయం తొందరపాటు. విభజన చేసిన తరువాత ఏమి మిగిలిందో చూడకుండా ఏమీ మిగలలేదని చెప్పడం కూడా పరీక్ష లేని మాటే. నది విషయంలో 'అదే' అన్న మాటను విడదీయడంతో వివాదం ముగుస్తుంది, ఎందుకంటే నదికి సంబంధించిన వాస్తవాలన్నీ ఇరుపక్షాలకూ సమ్మతమే. మనిషి విషయంలో అలా ముగియదు. బాల్యంలో ఉన్నవాడూ వార్ధక్యంలో ఉన్నవాడూ ఒకే సంతానానికి, అంటే కార్యకారణాల తెగని వరుసకు చెందినవారని బౌద్ధులు ఒప్పుకుంటారు. ఆ వరుసకు వెనుక మారకుండా నిలిచే ఆత్మ ఉందని నైయాయికులు అంటారు. ఇక్కడ మాటలన్నీ స్పష్టం చేసుకున్న తరువాత కూడా భేదం మిగిలే ఉంది, ఉదయనాచార్యుడి వంటి మహా తార్కికుడు 'ఆత్మతత్త్వవివేకం' రాసింది అందుకే. స్పృహ గురించి కూడా ఇలాగే చెప్పవచ్చు. రోగి స్పృహలో ఉన్నాడా అని వైద్యుడు అడిగినప్పుడు ఆ మాటకు పిలిస్తే పలకడం, చుట్టూ జరిగేది గ్రహించడం అని అర్థం, దానిని పరీక్షించే పద్ధతులు ఉన్నాయి. నొప్పిని లోపలి నుంచి అనుభవించడం అన్న మరో అర్థం దాని వెనుక ఉంది. మెదడులో జరిగే క్రియల నుంచి ఆ అనుభవం ఎలా వస్తుందన్న ప్రశ్న అర్థాలను వేరు చేయడం వల్ల మాయం కాలేదు, పైగా మరింత పదునెక్కింది.

విభజనకు ఉన్న అసలైన విలువ ఇక్కడే తెలుస్తుంది. నిజమైన ప్రశ్నకూ మాటల వల్ల పుట్టిన ప్రశ్నకూ పైకి రూపం ఒకటే, రెండూ ఒకే విధంగా బుద్ధిని అలసిపోయేలా చేస్తాయి. కుండ దించి చూడకుండా అందులో నీరుందో ఖాళీగా ఉందో బయటి రంగును బట్టి చెప్పలేనట్లే, ముఖ్య పదాన్ని విప్పి చూడకుండా ఏ ప్రశ్న ఏ రకానికి చెందిందో చెప్పడం సాధ్యం కాదు. కాబట్టి పరిష్కారం లేదన్న తీర్పు ఎప్పుడూ చివరన రావలసిందే గాని మొదట రాకూడదు. ఈ ప్రశ్నలో బరువంతా మోస్తున్న పదం ఏది, ఆ పదాన్ని రెండు పక్షాలూ ఒకే అర్థంలో వాడుతున్నాయా, ఆ పదాన్ని పూర్తిగా మాని అదే భేదాన్ని వేరే మాటల్లో చెప్పడం సాధ్యమా అని మూడు విచారణలు వరుసగా చేయాలి. మూడోది అన్నింటికంటే కఠినమైన పరీక్ష. ఆ పదాన్ని తొలగించిన వెంటనే ఇరుపక్షాలకూ చెప్పుకోవడానికి భేదం ఏదీ మిగలకపోతే వివాదం మాటలదే. వేరే మాటల్లో చెప్పినా భేదం నిలిస్తే, అది లోకాన్ని గురించిన భేదం, దాని మీద శ్రమపడటం సార్థకం.

ఈ పరీక్ష దర్శన గ్రంథాలకు మాత్రమే పరిమితం కావలసిన పని లేదు. అభివృద్ధి, న్యాయం, సంప్రదాయం, స్వేచ్ఛ, సమానత్వం అన్న మాటలు సభల్లోనూ పత్రికల్లోనూ ఇళ్లలోనూ రోజూ వాదాలకు కారణమవుతున్నాయి. సమానత్వం అంటే అందరికీ ఒకే అవకాశం అని ఒకరు, అందరికీ ఒకే స్థితి అని మరొకరు అనుకొని వాదిస్తే, ఎన్నేళ్లు వాదించినా ఒకరి మాట మరొకరికి తగలదు, చివరకు ఎదుటివారు మూర్ఖులో దుర్మార్గులో అన్న అభిప్రాయం మాత్రం ఇద్దరికీ బలపడుతుంది. న్యాయశాస్త్రం వాదాన్నీ జల్పాన్నీ వేరు చేసింది. సత్యం తెలుసుకోవాలని చేసే చర్చ వాదం, గెలవాలని చేసే చర్చ జల్పం. ఎదుటివారి మాటకు వారు ఉద్దేశించిన అర్థాన్ని అడిగి తెలుసుకొని, ఆ అర్థంలోనే దానిని పరీక్షించేవారు మాత్రమే వాదానికి అర్హులు. తెలుగు పిల్లలకు తర్కసంగ్రహంలోని నాలుగు పాఠాలైనా తెలుగులో సులభంగా చెప్పే ఏర్పాటు పాఠశాలల్లో జరిగితే, పదాన్ని విడదీసి చూసే అలవాటు చిన్నతనంలోనే పట్టుబడుతుంది. అటువంటి అలవాటు ఉన్న సమాజంలో కూడా భేదాభిప్రాయాలు ఉంటాయి గాని, తాము దేని గురించి విభేదిస్తున్నారో విభేదించేవారికి తెలిసి ఉంటుంది. తేలే వివాదాలు తేలిపోయి, తేలని ప్రశ్నలకు దక్కవలసిన కాలమూ శ్రమా వాటికే దక్కుతాయి.